‘అడవిలోకి వెళ్లిన గిరిజనుడు’ అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఎండలు ముదిరేసరికి నల్లమల అంచు మండలాల నుంచి ఒక వార్త వస్తుంది. ఓసారి పెద్దదోర్నాల, ఓసారి యర్రగొండపాలెం, ఇంకోసారి పుల్లలచెరువో అర్ధవీడో. ఊరి పేరు మారుతుంది గానీ వాక్యం మారదు: ‘అడవిలోకి వెళ్లిన గిరిజనుడిపై ఎలుగుబంటి దాడి.’ జిల్లా పేజీలో ఒక మూల నాలుగు లైన్లు. వార్త వేసినందుకు మాకు అభ్యంతరం లేదు, వేయాల్సిందే. మా అభ్యంతరమంతా అందులోని మొదటి రెండు మాటల మీద. ఆ గిరిజనుడు నల్లమల చెంచు. చెంచు అడవిలోకి వెళ్లడు. అతను ఉండేదే అక్కడ. పాలుట్ల లాంటి గూడెంలో పుట్టినవాడికి గుడిసె గడప దాటితే అడవే. దుంపగడ్డలకు పోయినా, తేనెకు పోయినా, నీళ్లకు పోయినా అడవిలోనే పోవాలి.

ఇది మాటల తగువుగా తీసిపారేయకండి. పేపర్లో పడిన మాటే పంచనామాలోకి పోతుంది, పంచనామాలోది దరఖాస్తులోకి, అక్కణ్నుంచి పరిహారం ఫైలు మీద పడే కొర్రీలోకి. తల చీలి, కన్ను పోయి, ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషిని మొదట అడిగే ప్రశ్న ‘అడవిలోకి ఎందుకెళ్లావు?’ అన్నదే. మైదానంలో కంది చేనుకు కాపలా పోయినవాణ్ని అడవి పంది పొడిస్తే, చేనుకు ఎందుకు పోయావని ఎవరూ అడగరు. చెంచును మాత్రం అడుగుతారు. ఆ ప్రశ్న అతన్ని తన ఇంట్లోనే దొంగను చేస్తుంది.

దీనికి మూలం ఒకే మనిషిని రెండు చట్టాలు రెండు కళ్లతో చూడటంలో ఉంది. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో అది పులుల రక్షిత ప్రాంతమైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అనుమతి లేకుండా తిరగడం నేరం, వేట అంతకంటే పెద్ద నేరం. ఆ చట్టం 65వ సెక్షన్‌లో నికోబార్ దీవుల గిరిజనుల వేట హక్కును మినహాయించారు. చెంచుల ఊసు అందులో లేదు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం మాత్రం ఇదే మనిషిని అడవికి హక్కుదారు అంటుంది. తేనె, మైనం, దుంపలు, వేర్లు, మందుమొక్కలు పేరుపేరునా రాసి, వాటిని సేకరించుకోవడం, వాడుకోవడం, అమ్ముకోవడం అతని హక్కని 3(1)(సి)లో చెప్పింది. వేటను మాత్రం ఇదీ ఒప్పుకోలేదు. వేరే ఏ చట్టంలో ఏమున్నా ఈ హక్కులు చెల్లుతాయని 4(1)లో రాసింది. చట్టం ఇంత తేటగా ఉన్నా, గేటు దగ్గర చెంచును ఆపేది పాత చట్టం. కొత్త చట్టం ఎక్కువ చోట్ల బీరువాలోనే ఉంది.

మనుషులు కూడా అతన్ని ఇలాగే నడిమధ్యన నిలబెట్టారు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని మనమే పాడుకుంటాం. తన పెళ్లికి చెంచులను పిలవడానికే స్వామి పార్వేట ఉత్సవంలో ఊరూరూ తిరుగుతాడని మనమే చెప్పుకుంటాం. శ్రీశైలం స్వామిని చెంచు మల్లయ్య అంటాం. దేవుడికి పిల్లనిచ్చిన వంశాన్ని టీ కొట్టు దగ్గర ‘ఏరా చెంచోడా’ అని పిలిచేదీ మనమే. పట్టణంలో అద్దెకు గది అడిగితే ఇవ్వం. ఇదంతా భరించి నాలుగు అక్షరాలు నేర్చుకుని గూడేనికి తిరిగొచ్చిన కుర్రాణ్ని అక్కడి పెద్దలు ‘వీడు ఊరోడైపోయాడు’ అంటారు. అటవీ శాఖ బేస్ క్యాంపులో కాపలాదారుగా చేరితే ‘ఫారెస్టోళ్ల మనిషి’ అని పేరు పడుతుంది, ఆఫీసులో మాత్రం అతను ఎప్పటికీ చెంచోడే. 2022 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులున్నాయని తేలింది. ఆ లెక్క కోసం దారికి అటొకటి ఇటొకటి చొప్పున, మోకాలెత్తులో, కెమెరాలు కట్టినవాళ్లలో చెంచులున్నారు. పులికి కుడి పక్క చారలు ఒక రకం, ఎడమ పక్క ఇంకో రకం. రెండు పక్కలా ఫొటో పడకపోతే ఒకే పులిని రెండుగా లెక్కేసే ప్రమాదం ఉంటుంది. పులి ఏ వాగు మలుపులో దారి దాటుతుందో తెలిసినవాడు చెబితేనే కెమెరా సరైన చోట పడుతుంది.

ఇక అసలు విషయం, ఎలుగు. నల్లమల గూడేల్లో పులి కంటే ఎలుగుకే ఎక్కువ భయపడతారు. పులి మనిషి అలికిడి వింటే చాలావరకు తప్పుకుంటుంది. ఎలుగు తప్పుకోదు. మన వాడుకలో గుడ్డెలుగు అనే మాట ఊరికే రాలేదు. దాని చూపు మందం, వినికిడీ అంతంత మాత్రమే, ముక్కు మాత్రం గట్టిది. తల నేలకు వేసి, పుట్ట తవ్వి, చెదలను బుస్సుమని ఊదుతూ పీల్చుకుంటూ ఉంటుంది. అందుకు వీలుగానే దానికి పైదవడ నడుమ రెండు పళ్లు ఉండవు. ఆ పనిలో ఉన్నప్పుడు దాని చప్పుడే దాని చెవుల్లో ఉంటుంది, మనిషి పది పదిహేను అడుగుల దగ్గరికి వచ్చేదాకా పసిగట్టదు. అంత దగ్గరలో ఉలిక్కిపడితే మీద పడటం ఒక్కటే దానికి తెలుసు. పులి తిరిగే అడవిలో పెరిగిన జంతువు అది. పులి ముందు పారిపోయిన ఎలుగు బతకదు, ఎదురు తిరిగినది బతుకుతుంది. మనిషి మీదా అదే వరస. నిలబడి ముఖాన్నీ నెత్తినీ పట్టుకుంటుంది. మగది 150 కిలోల దాకా తూగుతుంది, గోళ్లు మూడు నాలుగు అంగుళాలుంటాయి. మిగిలేది మాంసం చీలిన ముఖం.

ఈ ప్రమాదం ఇప్పపూల రోజుల్లో ఎందుకు పెరుగుతుందంటే, మనిషీ ఎలుగూ ఒకే చెట్టు కిందికి ఒకే గంటకు వస్తారు. ఇప్పపూలు మార్చి, ఏప్రిల్‌లో రాత్రంతా రాలి తెల్లవారుజాముకు నేలంతా పరుచుకుంటాయి. పశువులు తొక్కకముందే, ఎండకు వాడకముందే ఏరాలని ఆడవాళ్లు చీకటితోనే బయల్దేరతారు. ఎలుగు చీకట్లో వచ్చి పొద్దెక్కేదాకా అక్కడే మేస్తుంది. పైగా చలికాలంలో ఈనిన తల్లి ఆ నాటికి పిల్లలను వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంటుంది. వంగి పూలు ఏరుకునే మనిషిని అది కూర్చున్న జంతువనే అనుకుంటుంది. ఏప్రిల్ దాటితే తునికి పండ్లు, తర్వాత నేరేడు, ఆ నడుమంతా తేనె. చెంచు తినేది ఏదైతే ఎలుగు తినేదీ అదే.

అందుకే గూడెం పెద్దలు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు. చెట్టు కాండం మీద ఎండ పడేదాకా ఇప్ప కిందికి పోకూడదు. ఒంటిగా పోకూడదు, ముగ్గురికి తక్కువ కాకూడదు. ఆ ముగ్గురిలో ఒకరు పూలు ఏరకుండా నిలబడి చుట్టూ చూస్తుండాలి. దారిలో మాట్లాడుతూ పోవాలి. గొడ్డలి మడమతో బండ మీదో ఎండు మాను మీదో కొడుతూ పోవాలి. గాలి వీపు మీద తగిలేలా నడవాలి, అప్పుడు మనిషి వాసన ముందే పోయి ఎలుగుకు తగులుతుంది. ఇక్కడో సంగతి చెప్పాలి. వెనకటి చెంచు వేటకు పోయేటప్పుడు గాలికి ఎదురు నడిచేవాడు, చప్పుడు లేకుండా నడిచేవాడు. తాత దగ్గర ఆ నడక నేర్చుకున్నవాడు ఇప్పుడు తేనెకో గడ్డలకో పోతూ అదే నడక నడిస్తే, ఎలుగు ఒళ్లోకి నేరుగా పోయి పడతాడు. వేట పోయింది గనుక నడకా మారాలి. ఇది తెలిసిన పెద్దలు పిల్లలకు మొదట నేర్పేది గాలిని గుర్తుపట్టడమే. చిటికెడు దుమ్ము తీసి వదిలి, అది ఎటు పోతుందో చూడమంటారు.

నేల మీద చూడాల్సినవీ ఉన్నాయి. ఎలుగు వెనకకాలి ముద్ర మనిషి పాదంలా ఉంటుంది, వేళ్లకు ముందు గోళ్ల గీతలు ఉండటం ఒక్కటే తేడా. ముద్ర అంచులు పదునుగా ఉండి, అందులో ఆకు గానీ చీమ నడిచిన జాడ గానీ లేకపోతే అది ఆ పూటదే. తవ్విన పుట్ట మట్టి లోపల ఇంకా తడిగా, ఎర్రగా ఉండి, చెదలు పగుళ్లలో పరుగులు పెడుతుంటే ఎలుగు ఆ చుట్టుపక్కలే ఉంది. చెదలు పుట్టను మళ్లీ పూడ్చుకోవడం మొదలుపెడితే కొన్ని గంటలైనట్టు. పేడలో ఇప్పపూల పిప్పి, తునికి గింజలు కనిపిస్తాయి. ఎండ మండే వేళ అది రాతి సొరంగాల్లో, వాగు ఒడ్డు నీడ పొదల్లో పడుకుంటుంది కాబట్టి మధ్యాహ్నం నీళ్ల కోసం వాగులోకి దిగేటప్పుడు పైనుంచే నాలుగు రాళ్లు దొర్లించి ఆగాలి. కుక్కను వెంట తీసుకుపోవడం మంచిదే గానీ దానికి ఇంకో వైపుంది. కుక్క ఎలుగును రేపి, భయపడి మళ్లీ యజమాని కాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది, దాని వెనకే ఎలుగూ వస్తుంది. కుక్క ఉన్నవాళ్లు దాన్ని ముందు వదిలేయకుండా పక్కనే నడిపించుకోవాలి.

పులి సంగతి వేరు. దాన్ని కంటితో కాదు, మిగతా జంతువుల గొంతుతో తెలుసుకుంటారు. కొండముచ్చు చెట్టెక్కి దగ్గినట్టు అరుస్తుంది. చుక్కల దుప్పి సన్నగా కూత పెడుతుంది గానీ అది అడవికుక్కకూ పెడుతుంది, మనిషికీ పెడుతుంది. కణితి (సాంబర్ దుప్పి) ఢాంకుమని ఒకే చోట నిలబడి పదేపదే అరిస్తే మాత్రం అది పులో చిరుతో అని నమ్మాలి. ఈడ్చిన జాడ, ఈగల మోత, కాకులు దిగని మాంసం కనిపిస్తే దగ్గరికి పోకుండా వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. తిన్నది దాచుకుని పులి పక్కనే పడుకుని ఉంటుంది.

మైదానం నుంచి వచ్చేవాళ్లలో ఎలుగు గురించి పనికిరాని మాటలు తిరుగుతున్నాయి. పల్లానికి పరుగెత్తితే జుట్టు కళ్ల మీద పడి అది ఆగిపోతుందంటారు. ఆగదు. గుర్రం పరుగు తీసే జంతువు కాకపోయినా మనిషి కంటే వేగంగానే వస్తుంది, పల్లానికైనా మిట్టకైనా. చెట్టెక్కితే చాలంటారు. తేనె కోసం చెట్టెక్కే జంతువు అది. యాభై అడుగుల దూరంలో కనిపిస్తే ఆగి, గుంపు దగ్గరికి చేరి, దాని మీద కన్ను తీయకుండా, మామూలు గొంతుతో మాట్లాడుతూ వెనక్కి జరగాలి. రాయి విసరకూడదు. మీదికి వస్తే గుంపు విడిపోకుండా ఒక్కసారిగా కేకలేసి గొడ్డలి కర్రలు ముందుకు చాపాలి, చాలాసార్లు ఉరికి వచ్చి మధ్యలో ఆగిపోతుంది. పట్టుకునే పరిస్థితే వస్తే బోర్లా పడుకుని ముఖం నేలకు వేసి, రెండు చేతుల వేళ్లు మెడ వెనక పెనవేసి అలాగే ఉండాలి. వీపు గాయం మానుతుంది. కన్ను తిరిగి రాదు.

తేనె గురించీ రెండు మాటలు. కొండ తేనె కొట్టేవాడు చీకటి రాత్రి బండ చరియ మీది నుంచి తాడు మీద దిగుతాడు. పై కొసను చెట్టుకు కట్టినా దాన్ని పట్టుకుని కూర్చునేది బావమరిదే, సొంత తమ్ముడు కాదు. అక్క తాళి తన చేతిలో ఉందని బావమరిది తాడు వదలడని గూడెంలో నమ్మకం. తాడు తెగేది ముడి దగ్గర కాదు, రాతి అంచు మీద ఒరుసుకునే చోట. అక్కడ గోనె మడతో, పచ్చి ఆకుల మోపో పెట్టకపోతే నైలాన్ తాడైనా గంటలో పోగులు తేలుతుంది. పచ్చి ఆకుల కట్ట కాల్చిన పొగతో ఈగలను జరిపి, పట్టులో తేనె ఉన్న భాగాన్నే కోసి, పిల్లలున్న భాగాన్ని వదిలేయాలి. పిల్లపట్టు కలిపి పిండిన తేనె నాలుగు రోజుల్లో పొంగి పులుస్తుంది. తేమ 20 శాతం దాటితే గిరిజన సహకార సంస్థ కొనుగోలు దగ్గర ఇబ్బందే. పైన ఇంత జాగ్రత్త పడినవాళ్లు కూడా కింద నిలబడినవాణ్ని మరిచిపోతుంటారు. రాలిన పట్టు వాసనకు ఎలుగు వచ్చేది కిందికి. కింద ఇద్దరు ఉండాలి, నెగడు ఆరకూడదు.

ఈ చదువంతా పుస్తకంలో లేదు, తాతతో నడిచి నేర్చుకోవాలి. మాకు అన్నిటికంటే దిగులు కలిగించే విషయం ఇక్కడే ఉంది. చెంచు పిల్లవాడు చిన్నతనంలోనే ఆశ్రమ పాఠశాలకు పోతాడు, పదో తరగతి దాకా అక్కడే. పోవాలి, చదువుకోవాలి, అందులో రెండో మాట లేదు. గూడేనికి వచ్చేది వేసవి సెలవులకు, అంటే ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. తేనె, తునికి పండ్లు, నీళ్లు ఎండిన వాగులు, పిల్లల తల్లి ఎలుగులు, అన్నీ సరిగ్గా ఆ ఏడు వారాల్లోనే. పది నెలలకు పైగా హాస్టల్ గోడల మధ్య ఉన్న కుర్రాడు నేరుగా ఏడాదిలోకెల్లా చెడ్డ నెలల్లో అడవిలో దిగుతాడు. చెవిలో పాట పెట్టుకుని నడుస్తాడు. పుట్ట మట్టి తడిగా ఉందో లేదో చూడడు, చూడమని చెప్పిన తాతను ‘పాతకాలం’ అంటాడు. ఊరు అతన్ని తనలో కలుపుకోలేదు, అడవి అతనికి నేర్పలేదు. ఆశ్రమ పాఠశాలలు సెలవులు ఇచ్చే ముందు వారం రోజులు గూడెం పెద్దలను బడికి పిలిపించి, రోజుకూలీ ఇచ్చి, ముద్రలూ గాలీ అరుపులూ నేర్పించవచ్చు. పెద్ద ఖర్చు కాదు. ఈ పెద్దలు అందుబాటులో ఉన్నప్పుడే చేసుకోవాల్సిన పని.

దాడి జరిగాక చేయాల్సినవాటిలోనూ తప్పులు జరుగుతున్నాయి. ముఖం మీద గాయమైన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి డోలీలో మోస్తే రక్తం గొంతులోకి దిగి ఊపిరాడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, స్పృహ ఉంటే ముందుకు వంగి కూర్చోబెట్టాలి. వేలాడే చర్మాన్ని కోసి పారేయకూడదు. దాన్ని తిరిగి చోటులో పెట్టి శుభ్రమైన గుడ్డతో గట్టిగా ఒత్తి కట్టాలి, డాక్టరు కుట్టడానికి అదే పనికొస్తుంది. పసుపు, పొగాకు పొడి, ఆకు పసరు పెట్టకూడదు. రక్తం అదుపులోకి వచ్చాక సబ్బు నీళ్లతో పావుగంట కడగాలి. ఎలుగు కరిచినా రేబిస్ టీకా తప్పనిసరి. చర్మం పొరలోకి వేసే పద్ధతిలో టీకా మొదలైన రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో. లోతు గాయం కనుక గాయం లోపలా చుట్టూ రేబిస్ ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ కూడా వేయాలి, కుట్లకంటే ముందే వేయాలి, మొదటి టీకా పడిన ఏడో రోజు దాటితే దాంతో ప్రయోజనం లేదు. ధనుర్వాతం టీకా సరేసరి. 28వ రోజు టీకాకు కొండ దిగి రావడం మానేసేవాళ్లే ఎక్కువ. గూడేనికి వచ్చే ఆశా కార్యకర్త ఆ తేదీని గుడిసె గోడ మీద బొగ్గుతో రాసి పోతే ఎంతో మేలు.

పరిహారం ఉంది. కేంద్ర పథకాల కింద 2023 డిసెంబరు నుంచి వన్యప్రాణి దాడిలో మరణానికి గానీ శాశ్వత వైకల్యానికి గానీ 10 లక్షలు, తీవ్రగాయానికి 2 లక్షలు, స్వల్పగాయానికి వైద్య ఖర్చు 25 వేల దాకా. అది చేతికి రాకుండా ఎక్కడ జారిపోతుందో చెప్పడానికే ఈ ఉత్తరంలో సగం. మొదట ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి రెండు రోజులకు పెద్దాసుపత్రికి వస్తే, గాయం ఎలా అయిందన్న దానికి మొదటి రోజు కాగితమే ఉండదు. ప్రభుత్వ ఆసుపత్రిలో మొదటి చీటీ మీదే ‘ఎలుగుబంటి దాడి’ అని రాయించుకోవాలి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించాలి. మార్కాపురం నుంచి ఒంగోలుకు పంపిస్తే ఆ మొదటి చీటీ పోగొట్టుకోకూడదు. అటవీ శాఖ బీట్ అధికారికి ఆ రోజే కబురు పెట్టాలి. పంచనామాకు మనుషులు వచ్చేలోపు వాన పడినా మేకలు తొక్కినా ముద్రలు పోతాయి, కాబట్టి ఫోన్ ఉన్నవాళ్లు ముద్ర పక్కన గొడ్డలి పెట్టి ఫొటో తీయాలి, చెట్టుకు అంటిన వెంట్రుకలు పొట్లం కట్టి దాచాలి. చనిపోతే పోస్టుమార్టం లేకుండా ఖననం చేయకూడదు. గూడెంలో ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. అన్నీ సరిపోయాక కూడా ఫైలు ఆగేది పేరు దగ్గర. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, రేషన్ కార్డులో ఇంకో రకం, బ్యాంకు పుస్తకంలో అసలు ఇంటిపేరే లేకుండా. ఆ మూడూ సరిచేసుకోవాల్సింది దాడి జరిగాక కాదు.

అసలు చిక్కు మాత్రం ‘అడవిలోకి ఎందుకెళ్లావు?’ అన్న ఆ ప్రశ్నే. దానికి జవాబు పంచనామాలోనే రాయించుకోవచ్చు, ఏమీ దాచకుండా, ఏమీ అతిశయోక్తి లేకుండా: ‘తన ఆవాస ప్రాంతంలో, అటవీ హక్కుల చట్టం 2006 సెక్షన్ 3(1)(సి) ప్రకారం చిన్నతరహా అటవీ ఉత్పత్తులు సేకరిస్తుండగా.’ ఈ ఒక్క వాక్యం ఉంటే అనుమతి లేకుండా ఎందుకెళ్లాడన్న కొర్రీకి చోటుండదు. దీనికి బలంగా గిరిజన సహకార సంస్థ తేనె, బంక కొన్నప్పుడు ఇచ్చే చీటీలు దాచుకోవాలి. ఏ నెలలో ఏ సరుకు తెచ్చాడో అవే చెబుతాయి.

ఇంతకంటే గట్టి కాగితం ఇంకొకటుంది. చెంచుల లాంటి ఆదిమ గిరిజన తెగలకు వాళ్లు తిరిగే అడవి మొత్తం మీద ఆవాస హక్కును అదే చట్టం 3(1)(ఇ)లో ఇచ్చింది. మనిషికి పదెకరాల దాకా ఇచ్చే సాగు పట్టా వేరు, ఇది వేరు. చెంచుకు నాగలి కంటే తేనె దారి ముఖ్యం కనుక ఇదే అసలైనది. దరఖాస్తు ఫారం-బి. గ్రామసభలో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. 10 నుంచి 15 మంది అటవీ హక్కుల కమిటీలో మూడింట రెండొంతులు గిరిజనులు కావాలి. రెండు రకాల రుజువులు చాలు, అందులో పెద్దల వాంగ్మూలం రాసి పెట్టింది ఒకటిగా చెల్లుతుంది. ఏ బండ మీద తేనె ఎవరి తాతలు కొట్టారు, ఏ పెంటలో (చెంచు గూడెంలో) ఎవరు పుట్టారు, ఏ వాగు దాకా ఏ వంశం గడ్డలు తవ్వింది, గారెల మైసమ్మకు ఎక్కడ మొక్కారు, ఇవన్నీ పేర్లతో పటం మీద గుర్తించాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి, 60 రోజుల్లో పై కమిటీకి పోవాలి. ఇంకా ముఖ్యం, 2012 సవరణ నిబంధనల్లో ఆదిమ తెగలకు ఆవాస హక్కు అందేలా చూసే పూచీ జిల్లా స్థాయి కమిటీదే అని ఉంది. గూడెం వచ్చి అడిగేదాకా ఎదురుచూడాల్సిన పని కాదది.

కుటుంబానికి 15 లక్షలిచ్చి అడవి బయటికి తరలించే పథకం గురించీ అడుగుతున్నారు. అది ఇష్టపడి వెళ్లేవాళ్లకే. హక్కుల గుర్తింపు పూర్తికాకుండా ఎవరినీ కదల్చకూడదని 4(5) చెబుతోంది. పోవాలో ఉండాలో గూడెం తేల్చుకుంటుంది, ముందు హక్కు కాగితం చేతికివ్వండి.

మీ విలేకరులకు మా మనవి ఒకటే. ఈసారి ఎలుగు దాడి వార్త వస్తే ‘అడవిలోకి వెళ్లిన’ అన్న రెండు మాటలు తీసేసి ‘ఫలానా గూడేనికి చెందిన చెంచు, తేనె సేకరిస్తుండగా’ అని రాయండి. అక్షరాలు పెద్దగా పెరగవు. ఫాల్గుణం వచ్చేసరికి ఇప్ప రాలడం మొదలవుతుంది. వీలైతే అంతకంటే ముందే, ఎండ కాండం మీద పడేదాకా చెట్టు కిందికి పోవద్దన్న ఆ గూడెం మాటను జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వేయండి. దోర్నాల సంతకు వచ్చే చెంచులకు మీ పేపర్ చదివి వినిపించేవాళ్లు ఉన్నారు.

ఇట్లు,
నల్లమల చెంచు గూడేల్లో పనిచేస్తున్న కొందరం,
పెద్దదోర్నాల